ఓడ గడప, ఒడ్డు అంచు

చేతిలో ఉన్నది ఒక దారం. తెల్ల నూలు దారం, అటొక ముడి, ఇటొక ముడి, ఆ రెండు ముళ్ళ మధ్య నా భార్య వదీదా చక్రాల కుర్చీ వెడల్పు. చెవిలో ఉన్నది ఒక మాట. నీళ్ళు నింపి ఓడని పై మట్టానికి లేపే ఈ ఇస్నా లాకులో ఓడ ఉన్నంతసేపట్లో ఆవిడకి పనికొచ్చే గది చూసి ఒప్పుకుంటే అస్వాన్ దాకా తీసుకెళతామని ఓడ మేనేజరు రాఫత్ ఇచ్చిన మాట. ఇంకేముంది నా దగ్గర అని తడుముకుంటే, సగం జీవితం ఈ ఓడల పక్కన చిన్న పడవ వేసుకుని బట్టలు అమ్మిన అనుభవం ఉంది, అది ఏ ధర పలుకుతుందో కాసేపట్లో తేలిపోతుంది. సరుకు ఇంతే. బేరం మాత్రం చాలా పెద్దది. సోమవారం అస్వాన్ ఆసుపత్రిలో కైరో నుంచి వచ్చే పెద్ద డాక్టరు వదీదా మెడకి ఆపరేషన్ చేస్తాడు. ఆ రోజు తప్పితే ఆయన మళ్ళీ వచ్చేది చలికాలం పోయాకే. వదీదా వేళ్ళు అంతవరకు ఆగవు.

వెనక గేటు మూసుకుని కొంతసేపయింది. రెండు రాతిగోడల మధ్య పెట్టెలో పెట్టినట్టున్నాం. నేను నిలబడ్డ ఓడ హాలు తలుపు తీసే ఉంది, దాని అవతల చెయ్యి చాపితే తగిలేటంత దగ్గరలో తడిగోడ, పాచి, రాళ్ళ సందులో ఇరుక్కున్న ఓ నీలం ప్లాస్టిక్ సీసా. తల ఎత్తితే గోడ అంచు, ఆ అంచున కుర్చీ ముందు చక్రాలు, వదీదా నల్లచెప్పుల అడుగులు. అరగని అడుగులు. నడవని మనిషి చెప్పులు అరగవు, కొన్న రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, సరుకు మాయకుండా ఉంటే సంతోషించే వాణ్ణి నేను, ఆ ఒక్క జత చిరిగిపోయి ముక్కలైతే ఎంత బాగుండునో. నీళ్ళు నింపుతున్నారు. గోడ అడుగునుంచి సుళ్ళు తిరుగుతూ, కాఫీ పొంగు రంగులో నురగ కక్కుతూ వస్తున్నాయి. ఓడ లేస్తున్నట్టు కంటికి తెలియదు, కానీ ఇందాక నా తలకి పైనున్న సీసా ఇప్పుడు నా నుదుటి దగ్గరుంది. అదే నా గడియారం. లాకు నిండుతూ నిండుతూ ఉండగా ఒక క్షణం వస్తుంది, ఓడ హాలు గడప, ఒడ్డు రాతి అంచు ఒకే మట్టానికి వస్తాయి. మెట్టు లేదు, ఎత్తిపట్టడం లేదు, ఓ పలక అడ్డంగా వేస్తే కుర్చీ లోపలికి దొర్లుకుంటూ వచ్చేస్తుంది. కాసేపే. తర్వాత ఓడ ఇంకా పైకి పోతుంది, గడప ఆవిడ మోకాళ్ళ దగ్గరికి, ఛాతీ దగ్గరికి లేస్తుంది, ముందు గేటు తెరుస్తారు, అంతే. లాకు మనిషి బఖీత్ పలక పట్టుకుని ఆవిడ పక్కన నిలబడ్డాడు. గది ఏదో తేలేదాకా పలక వెయ్యవద్దని రాఫత్ గట్టిగా చెప్పాడు. మనిషి లోపలికొచ్చాక గదిలో పట్టకపోతే అస్వాన్ దాకా వరండాలో కూర్చోబెట్టమంటావా బాబాయ్, అన్నాడు. తప్పేం లేదు, అతని స్థానంలో నేనున్నా అదే అంటాను.

రోడ్డు మీద తీసుకురావద్దన్నాడు డాక్టరు. ఫోటోలు వెలుతురుకి పట్టి చూపించాడు, మెడ ఎముక నరాల తాడుని నొక్కుతోందట, ఒక్క గుంత చాలట, ఒక్క కుదుపు. ఇస్నా నుంచి అస్వాన్ రోడ్డు నాకు తెలుసు, ఊరికొక స్పీడు బ్రేకరు, ఊరు లేని చోట కూడా స్పీడు బ్రేకరు, ఎవడి గాడిద బండి కింద పడి చచ్చిపోతే వాడు కోపంతో ఓ గట్టు పోసుకుంటాడు. రైలా, ఆ మెట్లు కాళ్ళున్నవాళ్ళకే కష్టం, పైగా కదిలేటప్పుడు గుంజుతుంది. చంకల కింద చేతులు వేసి ఎత్తవద్దు, తల వేలాడకూడదు, కుర్చీలోంచి మంచం మీదికి పలక మీద జార్చాలి తప్ప మొయ్యకూడదు. ఇంట్లో నా పాత పడవ పలక ఒకటి చిత్రిక పట్టించి మైనం రుద్దాను, దాని మీద జారుతుంది ఆవిడ, రొట్టె పొయ్యిలోకి పోతున్నట్టు పోతున్నాను చూడు అంటుంది. ఇవన్నీ పోగా మిగిలింది నది. నదికి గుంతలు లేవు. పుట్టినప్పటి నుంచి కళ్ళ ముందే పారుతున్న దాన్ని నేను రోడ్డుగా ఎప్పుడూ చూడలేదు, అంగడిగానే చూశాను.

అంగడే మరి. ఓడలు లాకు కోసం వరుసకట్టి ఆగుతాయి, మేం పడవలు వేసుకుని పక్కకి చేరతాం, పై అంతస్తులో కటకటాల వెంట నిలబడ్డ, విహారానికొచ్చిన విదేశీ దొరలకి కిందనుంచి కేకలు వేస్తాం. గలాబియాని, అదే మా మడమల దాకా వచ్చే వదులు అంగీని, మడతపెట్టి సంచిలో పెట్టి ముడేసి పైకి విసరడం, వాళ్ళు విప్పుకుని ఒంటి మీద పెట్టుకు చూడటం, నచ్చితే అదే సంచిలో డబ్బు పెట్టి కిందికి వెయ్యడం, నచ్చకపోతే బట్ట తిరిగి రావడం, ఒక్కోసారి నీళ్ళలో పడటం. నా చెయ్యి తప్పదు. మూడో అంతస్తులో మూలనున్న ముసలావిడ ఒళ్ళో పడాలంటే ఒళ్ళోనే పడుతుంది. కుట్టేది వదీదా, విసిరేది నేను. తిరిగొచ్చిన బట్టలు సాయంత్రం ఆవిడ ముక్కు దగ్గర పెట్టుకునేది. ఇది ఎవరో తొడుక్కుని చూశారు, వాళ్ళ అత్తరు వాసనొస్తోంది, అనేది. లోపల ఎలా ఉంటుందయ్యా, అని అడిగేది. నాకేం తెలుసు, నేను ఓడల పొట్టలు చూసిన వాణ్ణి, ఏ ఓడకి ఎక్కడ రంగు పోయిందో చెప్పగలను, లోపల ఏముందో చెప్పలేను. మంచాలుంటాయే, అనేవాణ్ణి. మంచాలు మనకీ ఉన్నాయి కదా, అనేది.

ఆ తెలియనితనం ఇందాకే ఒకసారి నన్ను ముంచింది. ఓడెక్కగానే రాఫత్‌తో అన్నాను, అన్నిటికన్నా కింద వరసలో గది ఇవ్వండి బాబూ, నీళ్ళకి దగ్గరగా, ఎక్కే పని లేకుండా. పడవలో కూర్చుంటే ఆ వరస కిటికీలు నా కళ్ళకి సమానంగా ఉంటాయి, చెయ్యి పెట్టి తలుపు తట్టినంత దగ్గర. అవే తేలిక అని ఇన్నేళ్ళూ అనుకున్నాను, పైన వాళ్ళు పాపం ఎంత ఎక్కాలో అని జాలిపడ్డాను కూడా. రాఫత్ పగలబడి నవ్వాడు. "షాజిలీ బాబాయ్, అది నేలమాళిగ. ఓడలోకొచ్చేది ఇక్కడ, మధ్యలో. అక్కడికి పోవాలంటే మెట్లు దిగాలి. లిఫ్టు కూడా అక్కడికి పోదు." నవ్వి నవ్వి, "నువ్వు బయటనుంచి చూసి ఇల్లు కొనేసే రకంలా ఉన్నావే," అన్నాడు. నేనూ నవ్వాను. ఇదే ఇంత తప్పుగా అనుకున్న వాణ్ణి, ఇంకా ఎన్నిటిని తప్పుగా అనుకుని కూర్చున్నానో.

సీసా నా గడ్డం దగ్గరికొచ్చింది.

మొదటి గది వెనకుంది. తలుపు మీద చక్రాల కుర్చీ బొమ్మ, ఇత్తడి రేకు మీద. దీన్ని కంపెనీవాళ్ళు ప్రత్యేకంగా చేయించారు బాబాయ్, ఈ ఓడ మొత్తానికి ఇలాంటిది ఒక్కటే, అంటూ తలుపు తోశాడు రాఫత్. దారం పట్టి చూశాను, రెండు ముళ్ళూ లోపలే, ఇంకా చోటుంది. గోడలకి పట్టుకునే కడ్డీలు. స్నానాల గదికి గడప లేదు, నేల వాలుగా ఉంది. మంచం కుర్చీకి సమానమైన ఎత్తు. ప్రాణం లేచొచ్చింది. ఇదేనండీ, అనబోయాను, నాలుక చివరికొచ్చింది మాట, కానీ కొనే ముందు సరుకుని ఒకసారి నలిపి చూడకపోతే నాకు నిద్ర పట్టదు. బల్ల మీద గాజుగ్లాసుంది. కుళాయి నీళ్ళు పట్టి బల్ల మీద పెట్టి వంగి చూశాను. నీళ్ళు వణుకుతున్నాయి. ఒక వలయం లోపల ఇంకో వలయం, ఆగకుండా, సన్నగా, జ్వరం వచ్చిన పిల్ల పెదవిలా. మంచం కోడు మీద చెయ్యి వేస్తే అరచేతిలో ఈగ పట్టుకున్నట్టుంది. కిందేముంది, అన్నాను. ఇంజను, అన్నాడు రాఫత్. ఇప్పుడు ఆగి ఉంది కదా అంటే, ఆగలేదు, మెల్లగా తిరుగుతోంది, నడిచేటప్పుడు కాస్త ఎక్కువుంటుంది, రెండు రోజులే కదా బాబాయ్, అన్నాడు. కాస్త ఎక్కువ. గుంత ఒక్కటైతే ఒక్కసారి కుదుపుతుంది. ఇది రాత్రీ పగలూ, వదీదా దిండు కిందనుంచి, మెడ కిందనుంచి, ఆ ఎముక ఆ తాడు మీద.

ఆ తాడే. మొదట కాలి వేళ్ళు పోయాయి, ఇసుక మీద నడుస్తున్నట్టుందయ్యా అంది, తర్వాత మోకాళ్ళు, తర్వాత తుంటి. మెట్టు మెట్టుగా పైకొచ్చింది, ఈ లాకులో నీళ్ళలా, కంటికి కనబడకుండా. చేతులు మాత్రం ఉన్నాయి. కుర్చీ వచ్చిన రోజు నేను వెనక పట్టుకుని తోయబోతే నా వేళ్ళ మీద ఒక్కటి వేసింది. నేనేమైనా టమాటాల బండినా, తోసుకుపోవడానికి, అంది. అప్పటినుంచి తన చక్రం తనే తిప్పుకుంటుంది. సందులో, సంతలో, మా అమ్మాయి నజ్లా పెళ్ళిలో కూడా. బావగారు సాయానికొస్తే, చెయ్యి తియ్యి, నా బండికి నేనే గాడిదని, అంది అందరి ముందూ. అటువంటి చేతులు. పోయిన నెల తెల్ల గలాబియాకి మెడ కుడుతుంటే కాలరు మీద ఎర్రచుక్క చూశాను. ఇంకో చుక్క. ఇంకోటి, కుట్టు వెంటే, వరసగా. సూది వేల్లో దిగుతోంది, ఆవిడకి తెలియట్లేదు. మాట్లాడుతూనే ఉంది, ఉల్లిపాయల గురించి. ఆ బట్ట తీసుకుని, ఇది చాల్లే, రేపు కుట్టొచ్చు అన్నాను. అప్పుడు చూసుకుంది. చూపుడు వేలూ, దాని పక్కదీ. రెండు వేళ్ళు. దీపం దగ్గర పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది, ఎవరివో చూసినట్టు.

లేదండీ, ఈ గది వద్దు, అన్నాను రాఫత్‌తో. అతను నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. ఊరి నిండా మనుషులు ఇలాంటి గది కోసం బతిమాలుకుంటారు బాబాయ్, నువ్వు గ్లాసులో నీళ్ళు చూసి వద్దంటావేంటి. కదలని గది ఉందా, అన్నాను. ఓడలో కదలని గదా, అన్నాడు, అని ఒక్క క్షణం ఆలోచించి, నడుమ వరండాలో ఒకటుంది, లగ్జోరులో దంపతులు కడుపు నొప్పితో దిగిపోయారు, కానీ అది మామూలు గది, అన్నాడు. పరుగు. ముసలి కాళ్ళ పరుగు, తివాచీ మీద చప్పుడు లేకుండా. గ్లాసు చేతిలోనే ఉంది, వణికే నీళ్ళు దారి పొడుగునా ఒలుకుతున్నాయి. హాలు దాటుతూ తలుపులోంచి ఓ చూపు, సీసా నా రొమ్ము మట్టానికొచ్చింది. పైనుంచి కేక. "ఏమయ్యా నజ్లా వాళ్ళ నాన్నా! గది చూడ్డానికెళ్ళావా, కట్టడానికెళ్ళావా?" చూస్తున్నానే, ఒక్క నిమిషం, అని కింద నుంచి అరిచాను. ఎప్పుడూ నేను కిందే, కేకలు వేసేది పైకే. ఇవాళ కటకటాల దగ్గర నిలబడే దొరసాని వదీదా.

నడిమి గది. గ్లాసు బల్ల మీద పెట్టాను. వంగాను. ఊపిరి బిగపట్టాను, నా ఊపిరికి కదులుతుందేమోనని. నీళ్ళు కదల్లేదు. కిటికీలోంచి పడ్డ వెలుతురు వాటి మీద నాణెంలా నిలబడిపోయింది. మంచం మీద అరచెయ్యి వేశాను, చచ్చిన చేపలా ఉంది, ఏ కదలికా లేదు. ఇదే. ఇక్కడ ఆవిడ రెండు రోజులు పడుకుంటే మెడకి ఓడెక్కినట్టు కూడా తెలియదు. స్నానాల గదికి జానెడు గడప ఉంది, పోనీ, అది మా ఇద్దరి గొడవ, ఇంట్లో మాత్రం ఏమంత బాగుంది, బేసిను పెట్టుకుంటాం. మంచం కాస్త ఎత్తు, నా పలక ఉంది. అన్నీ కుదిరాయి. తలుపు దగ్గరికొచ్చి దారం పట్టాను. ఒక ముడి ఈ వైపు చట్రానికి ఆనించాను. రెండో ముడి అవతలి చట్రం దాటి బయటికి పోయింది. మళ్ళీ పట్టాను, దారం బిగించి, వదులు చేసి, కిందికి పట్టి, పైకి పట్టి, తలుపు పూర్తిగా వెనక్కి తోసి. ప్రతిసారీ ఆ ముడి చట్రం అవతలే, నన్ను చూసి వెక్కిరిస్తున్నట్టు. తలుపు ఊడదీద్దాం, అన్నాను. చట్రం ఇనుము బాబాయ్, ఓడతో పాటే పోత పోశారు, అన్నాడు రాఫత్. పక్కది చూద్దాం. పక్కదీ ఇంతే, దాని పక్కదీ ఇంతే, ఈ వరస తలుపులన్నీ ఒక్క కొలతే, ఒక్క దర్జీ కుట్టినట్టు. ముందు వైపు రెండు పెద్ద తలుపులున్నాయి కానీ వాటికి మూడేసి మెట్లున్నాయి. నుదుటి చెమట కళ్ళలోకి దిగింది.

బేరాల్లో నాకు తెలిసిన బాధ ఒకటే, సరుకు బాగుండి కొనలేకపోవడం. ఇది అది కాదు. ఇది రెండు అంగళ్ళ మధ్య నిలబడటం, ఒకదానిలో తలుపుంది గదిలేదు, ఇంకోదానిలో గదుంది తలుపులేదు, రెండూ నావి కావు, అంగడి మూసేస్తున్నారు. వెనక గదే తీసుకోనా. దిండ్లు వేస్తే, దూది పరుపులు ఒకదాని మీద ఒకటి వేస్తే వణుకు ఆగదా. కొంత ఆగుతుంది. ఎంత ఆగితే చాలు. డాక్టరుని అడిగే దారి లేదు. పోనీ నడిమి గదిలోకి మొయ్యనా, బఖీత్ కాళ్ళు పట్టుకుంటే నేను చంకలు పట్టుకుని. తల వేలాడుతుంది. ఈ ఇరుకులో పక్కకి తిరగాలి, అప్పుడు మెడ తిరుగుతుంది. ఇంటికి వెళ్ళిపోదామా. ఇంటికెళితే ఏముంది. చలికాలం పోయేసరికి సూది పట్టుకోదు, ఆ తర్వాత చెంచా, ఆ తర్వాత చక్రం. చక్రం తిప్పలేని వదీదా. మంచం మీద పడుకుని, ఎవరు ఎటు తిప్పితే అటు తిరిగే వదీదా. నా వేళ్ళ మీద కొట్టడానికి కూడా చెయ్యి లేవని వదీదా. యా రబ్, ఓ దేవుడా, ఇదేం బేరం పెట్టావు నా ముందు.

రాఫత్ గడియారం చూసుకుంటున్నాడు. మంచివాడే. గొంతు తగ్గించి అన్నాడు, "వెనక గది తీసుకో బాబాయ్. పిన్నికి ఓ నిద్రమాత్ర వేద్దాం. లేకపోతే చెప్పు, కెప్టెనుకి ఇంకేం చెప్పను నేను." అతని చొక్కా మీద బొత్తాం ఒకటి వదులుగా వేలాడుతోంది. ఎందుకో దాన్నే చూస్తున్నాను. వదీదా అయితే ఊరుకోదు, ఇటురా అబ్బాయ్, ఆ బొత్తాం ఊడి పులుసులో పడుతుంది అని సూది తీస్తుంది. రాఫత్ ఒకప్పుడు మా దగ్గర ఓ గలాబియా కొన్నాడు, ఉతికితే తమ్ముడికి సరిపోయేలా అయిందని ఓడ మీంచి తిట్టాడు. ఆ రాత్రి వదీదా ఎంత బాధపడింది. అది నేను కుట్టింది కాదు, నువ్వు సంతలోంచి తెచ్చి కలిపిందయ్యా, నేను కుట్టిన దానికి రెండు వేళ్ళు వదలకుండా కత్తెర పెట్టనని నీకు తెలీదా, అంది. నిజమే. నూలు ముడుచుకుంటుంది. అందుకని ప్రతి కొలతకీ రెండు వేళ్ళు అదనంగా వదులుతుంది. దిండు గలీబుకీ అంతే, కిటికీ తెరకీ అంతే, నజ్లా బొమ్మకి కుట్టిన లాగుకి కూడా అంతే, బొమ్మ లావెక్కుతుందా అని నేను నవ్వితే, ఏమో, పెళ్ళయ్యాక ఎక్కొచ్చు అంది. నిన్న పొద్దున కుర్చీలో కూర్చుని ఈ దారం తీసి తనే కొలిచింది, వంగి, పళ్ళతో తెంపి. నేను కొలుస్తానంటే ఇవ్వలేదు. నువ్వు బట్టలు విసరడానికే పనికొస్తావు అంది. తనే ముళ్ళు వేసింది.

తనే ముళ్ళు వేసింది.

ఈ దారం కుర్చీ కొలత కాదేమో. కుర్చీకి వదీదా వదిలిన కొలతేమో. అదనం కలిపిందేమో. కలపకుండా ఆ చేతులు ఎప్పుడైనా ఊరుకున్నాయా. కానీ ఏమో మీద తలుపెలా కొంటాను. చట్రం దగ్గర దారం మళ్ళీ పట్టి, సరిగ్గా తలుపు అంచు తగిలిన చోట ఇంకో ముడి వేశాను, నా ముడి, ఆవిడ ముళ్ళకి లోపలగా. స్నానాల గదిలోంచి సబ్బు తీశాను, బట్టలు ఉతకడానికి ఇచ్చే ప్లాస్టిక్ సంచి తీశాను, సబ్బుకి దారం చుట్టి సంచిలో వేసి ముడి వేస్తూనే హాలు తలుపు దగ్గరికి ఉరికాను. సీసా నా మోకాలి దగ్గరుంది. ఒడ్డు అంచు నా తలకి కొంచెం పైన. చెప్పుల అడుగులు పోయి ఇప్పుడు చెప్పులు కనిపిస్తున్నాయి, గలాబియా అంచు కనిపిస్తోంది, మెడపట్టీ మీద నిలబెట్టినట్టున్న ముఖం, ఒళ్ళో ఎండలో పొంగించిన రొట్టెల మూట.

"వదీదా, పట్టుకో!" చెయ్యి దానంతటదే లేచింది. ఎన్ని వేల సార్లు లేచిన చెయ్యి. సంచి ఆవిడ ఒళ్ళో, రొట్టెల మూట మీద పడింది.

"ఏంటిది, నాకే అమ్ముతున్నావా? ధర ఎక్కువైతే తిప్పి పంపేస్తాను," అంది.

"దారం తియ్యి. లోపలి ముడి నేను వేశాను. అది తలుపు. కుర్చీ మీద పెట్టి చూడు."

సంచికి నేను వేసే ముడి ఒక్క లాగుతో వస్తుంది, ఆ కిటుకు మా ఇద్దరికే తెలుసు, దొరలకి తెలియక కిందా మీదా పడతారు. వదీదా లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. రెండు వేళ్ళు ముడి మీద జారిపోతున్నాయి, అది ముడో గులకరాయో తెలియనట్టు. బఖీత్ వంగాడు, ఇటియ్యమ్మా అని. చెయ్యి తియ్యి, అంది. పళ్ళతో అందుకుంది, పట్టీ వల్ల మెడ వంగదు, సంచినే నోటి దాకా ఎత్తి కొరికింది. సబ్బు నేల మీద పడి దొర్లింది. నీళ్ళు లేస్తున్నాయి, నేను లేస్తున్నాను, ఆవిడ మోకాళ్ళు నా కళ్ళకి ఎదురుగా వచ్చాయి, ఓడే నన్ను ఆవిడ దగ్గరికి మోసుకుపోతోంది, ఆగు ఆగు అని నీళ్ళని బతిమాలుకుంటున్నాను, జీవితంలో ఏ నీళ్ళనీ ఇలా బతిమాలలేదు. వెనక రాఫత్, బాబాయ్, ఏదో ఒకటి చెప్పు, అంటున్నాడు. దారం రెండు చక్రాల మీద అడ్డంగా పరిచింది. ఒక కొస బఖీత్ పట్టుకున్నాడు, ఈసారి వద్దనలేదు. చూసింది. చాలాసేపు చూసినట్టు నాకనిపించింది.

"చక్రాలు నీ ముడికి లోపలే ఉన్నాయి," అంది.

"అల్లాకి వేయి దండాలు! అదనం కలిపావు కదూ? నాకు తెలుసు. నూలు ముడుచుకుంటుందని కలిపావు కదూ?"

"ఇనుప కుర్చీ ముడుచుకుంటుందా, తిక్క మనిషీ." నవ్వలేదు. "చక్రం పట్టుకునే చేతులకి వదిలాను. అటు వేళ్ళు, ఇటు వేళ్ళు. నేను తోసుకుంటూ వెళ్ళాలిగా."

చేతులు చక్రాల మీద ఉంటే ఆ తలుపులో పట్టదు. చేతులు తీస్తే పడుతుంది. ఇది చెప్పాల్సిన పని లేదు, దారం చెప్పేసింది.

"వెనక ఇంకోటుంది," అన్నాను. "తలుపు పెద్దది. నువ్వే తోసుకోవచ్చు. కాకపోతే ఇంజను మీద ఉంది. వణుకుతుంది."

"ఎంత?"

"గ్లాసులో నీళ్ళు నిలవట్లేదు."

తన ఎడం చెయ్యి ఎత్తి చూసుకుంది, ఆ రెండు వేళ్ళు, దీపం దగ్గర చూసుకున్నట్టే. గడప వచ్చి ఒడ్డు అంచుని తాకింది. సీసా నీళ్ళలో ఉంది, ఎక్కడుందో. ఆవిడా నేనూ ఎదురెదురుగా ఉన్నాం, ఒకరి కింద ఒకరు కాకుండా. "నడిమిది, రాఫత్ బాబూ, నడిమి గది," అన్నాను. బఖీత్ పలక వేశాడు.

వదీదా పలక మీదికి తనే వచ్చింది. హాల్లోకి తనే వచ్చింది, ఆ గాజు దీపాల వైపు, ఇత్తడి కడ్డీల వైపు ఓ చూపు చూసి, మంచాలుంటాయే అన్నావు, ఇంతుందని చెప్పలేదేం, అంది. వరండా పొడుగునా తనే చక్రాలు తిప్పుకుంటూ వచ్చింది, రాఫత్ చెయ్యి వేయబోతే, ఆ బొత్తాం సంగతి చూసుకో ముందు, అంది. తలుపు దగ్గర ఆగింది. చట్రం వైపు చూసింది, అటు, ఇటు. రెండు చేతులూ చక్రాల మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది, ఒకదాని మీద ఒకటి, ఫోటోకి కూర్చున్నట్టు.

"తొయ్యి," అంది.

తోశాను. మెల్లగా, గుడ్ల బుట్ట జరిపినట్టు. పడవ పక్కన చెయ్యి పెట్టి ఓడ పొట్టకి తగలకుండా ఆపుకున్న వాణ్ణి కనుక ఇరుకు నాకు తెలుసు, ఊపిరి తీయకుండా తోశాను. చక్రం చట్రానికి తగల్లేదు. బల్ల మీద గ్లాసు అలాగే ఉంది, వెలుతురు దాని మీద అలాగే నిలబడి ఉంది. ముందు గేటు తెరుస్తున్న కూత వినిపించింది. అస్వాన్ ఇంకా అటే ఉంది, సోమవారం ఇంకా అటే ఉంది, అక్కడ ఆ బల్ల మీద ఏం జరుగుతుందో నాకు తెలియదు, ఇప్పటికి ఓడ కదలకముందు చేతికొచ్చిన లాభం చూసుకుంటే: అటు ఒక వేలు సందు, ఇటు ఒక వేలు సందు. ఆవిడ చేతులు ఉండాల్సిన చోటు.